దిగుడులో ఆగిపోయే బండి, నొచ్చుకునే మావయ్య

నర్సీపట్నంలో కాపురం, చింతపల్లి దగ్గర ఒక బడిలో ఉద్యోగం. రోజూ పొద్దున లంబసింగి ఘాటు ఎక్కి, సాయంత్రం దిగే ఒక మాస్టారు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. బండి వాళ్ల నాన్నగారిది, పదిహేనేళ్లనాటి 100 సీసీ కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం) మోటార్‌సైకిల్. నాన్నగారు పోయాక దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాక ఈయనే వాడుకుంటున్నారు. కిందటి దసరాకి ట్యాంకుకి కొత్తగా రంగు వేయించి, పూజ చేయించారట.

కార్తీకమాసం నుంచి గొడవ మొదలైంది. పొద్దున బండి ఘాటు మొత్తం ఏ పేచీ లేకుండా ఎక్కేస్తుంది. బడి దగ్గర స్టాండు వేశాక కాసేపు పెట్రోలు వాసన వస్తుంది, అంతే. సాయంత్రం ఘాటు దిగి, మైదానంలోకి వచ్చి టాప్ గేరు వేసి రేజ్ ఇవ్వగానే మిస్సింగ్ కొట్టి, పెట్రోలు అయిపోయిన బండిలాగా ఆగిపోతుంది. ఒక్కోసారి దిగుడు మధ్యలోనే ఆగుతుంది. పది నిమిషాలు పక్కన పెట్టి కిక్ కొడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. పొగ లేదు, ఇంజన్ ఆయిల్ తగ్గడం లేదు.

మేనమామకి ఊళ్లోనే మెకానిక్ షెడ్డు ఉంది. అమ్మకి స్వయానా తమ్ముడు. నాన్నగారు పోయిన ఏడాది ఇల్లు గడిపింది ఆయనే, ఈయన పెళ్లి దగ్గరుండి జరిపించిందీ ఆయనే. ఈ బండికి ఏనాడూ లేబర్ తీసుకోలేదు. ప్లగ్గు మార్చారు, కార్బొరేటర్ విప్పి కడిగారు, తర్వాత కార్బొరేటరే కొత్తది వేశారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. సామాన్లకే నాలుగు వేలు దాటింది. ఇప్పుడేమో ‘ఇంజన్ పనైపోయిందిరా, బోరు చేయించి పిస్టన్ వేయించాల్సిందే’ అంటున్నారు, అంటే అరిగిన సిలిండర్‌ని లోపల తొలిచి కొత్త పిస్టన్ వేయడం.

ఈలోగా ఒక సాయంత్రం బండి ఆగినప్పుడు, పెట్రోలు ఉందో లేదో చూద్దామని మాస్టారు ట్యాంకు మూత తీశారు. ‘ఉస్’మని గాలి లోపలికి పీల్చిన చప్పుడు. మూత పెట్టి కిక్ కొడితే వెంటనే స్టార్టయింది. అప్పటి నుంచి ఆగినప్పుడల్లా అదే మందు. ఈ సంగతి మావయ్యకి చెబితే షెడ్డులో కుర్రాళ్ల ముందే నవ్వి, ‘ఏరా మేష్టారూ, మూత వల్ల బండి ఆగుతుందా? పాఠాలు బళ్లో చెప్పుకో’ అన్నారట.

తోటి ఉపాధ్యాయుడు మూతకి సన్నటి మేకుతో బొక్క కొట్టెయ్యమంటున్నాడు. భార్య బండి అమ్మేసి ఈఎంఐలో కొత్తది తీసుకోమంటోంది. ఒకసారి ఆమె వెనక కూర్చుని ఉండగా, చీకటి పడ్డాక ఘాటు మలుపులో బండి ఆగిపోయి లైటు కూడా ఆరిపోయిందట. ఆనాటి నుంచి ఆమె ఆ బండి ఎక్కడం లేదు. వేరే షెడ్డుకి తీసుకెళ్తే తమ్ముడు నొచ్చుకుంటాడని అమ్మ భయం. ‘బోరు చేయించాలా, అమ్మేయాలా, మూతకి బొక్క కొట్టాలా, మావయ్యకి తెలియకుండా వేరేచోట చూపించాలా?’ అన్నది ఆయన ప్రశ్న.

మాస్టారూ,

ముందుగా ఒక మాట. బోరు పని ఆపండి. మీ ఉత్తరంలో మీరు ఒక్కొక్క వాక్యంలో దాటేసిన సంగతులు మూడున్నాయి: బండి ఎక్కేటప్పుడు కాక దిగాక ఆగడం, పొద్దున బడి దగ్గర పెట్రోలు వాసన, దసరాకి ట్యాంకుకి రంగు. ఈ మూడూ ఒకే చోటికి తీసుకెళ్తున్నాయి. మీరు ఆగిన బండి మూత తీసి విన్న ఆ ‘ఉస్’ కూడా అక్కడిదే.

కార్బొరేటర్ బండిలో పెట్రోలుని తోసే పంపు ఏమీ ఉండదు. ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. బరువుకి అదే కిందికి దిగుతుంది. దిగిన పెట్రోలు ఖాళీ చేసిన చోటుని నింపడానికి బయటి గాలి లోపలికి రావాలి. నూనె డబ్బాకి ఒక్క బొక్కే పెడితే గుటకలు గుటకలుగా పడి ఆగిపోతుంది, ఎదురుగా రెండోది పెడితే ధార కడుతుంది కదా, ట్యాంకు మూతలో ఉండే సన్నటి గాలి దారి ఆ రెండో బొక్క పని చేస్తుంది. తాళం తిప్పే మూతల్లో ఈ దారి సూటిగా ఉండదు. బండి పడిపోయినప్పుడు పెట్రోలు కారకుండా, వాన నీళ్లు దిగకుండా మెలికలు తిప్పి, మధ్యలో చిన్న రబ్బరు వాల్వో స్ప్రింగూ గుండో పెట్టి చేస్తారు. దుమ్ము పట్టినా, పాలిష్ మైనం చేరినా, లోపలి రబ్బరు ఉబ్బినా దారి పూడుకుపోతుంది. అప్పుడు ట్యాంకులో పీడనం తగ్గిపోయి పెట్రోలు దిగడం మానేస్తుంది. షెడ్డుల్లో ‘ఎయిర్ లాక్’ అని చాలా జబ్బులకి అంటారు, వాటిలో ఇదొకటి.

పెట్రోలు దిగకుండా ఆపడానికి ఎంత పీడనం తగ్గాలో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. ట్యాంకులో పెట్రోలు మట్టానికీ కార్బొరేటర్‌కీ మధ్య ఎత్తు జానెడు, మహా అయితే ఇంకొంచెం. అంత ఎత్తు పెట్రోలు తోసే బలం వాతావరణ పీడనంలో నూటికి రెండు వంతులకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే బయటికన్నా లోపల ఆ రెండు వంతులు తగ్గితే చాలు, ధార ఆగిపోతుంది.

ఇప్పుడు మీ ఘాటు సంగతి. నర్సీపట్నానికీ లంబసింగికీ ఎత్తులో తేడా సుమారు 900 మీటర్లు. వంద మీటర్లు ఎక్కితే గాలి పీడనం నూటికి ఒక వంతు కంటే కొంచెం ఎక్కువే తగ్గుతుంది. కాబట్టి కిందికీ పైకీ నూటికి పది వంతుల తేడా. ఘాటులో చెవులు మూసుకుపోయినట్టు అనిపించేది ఇందుకే. పొద్దున మీరు ఎక్కుతుంటే బయటి పీడనం తగ్గుతూ పోతుంది, మూత దారి మూసుకుని ఉంది కనుక ట్యాంకులో కింది ఊరి గాలే మిగిలి ఉంటుంది. అది పెట్రోలుని ఇంకా గట్టిగా కిందికి తోస్తుంది. ఇంజన్‌కి పెట్రోలు కొరత రాదు సరికదా, ఒక్కోసారి కార్బొరేటర్ నిండి పొంగుతుంది. బడి దగ్గర మీకు వచ్చే వాసన అదే. పగలంతా బండి ఎండలోనో చెట్టు కిందో నిలబడి ఉండగా, పూర్తిగా పూడని ఆ సన్నటి సందులోంచి లోపలి గాలీ బయటి గాలీ నెమ్మదిగా సమానమవుతాయి. సాయంత్రం దిగుడు మొదలవుతుంది. ఈసారి బయటి పీడనం పెరుగుతుంది, లోపల పైఊరి పలచటి గాలి. ఆ సందు అంత వేగంగా గాలి అందించలేదు. రెండు వంతులు తగ్గితే ఆగిపోయే ధారకి మీరు పది వంతుల తేడా దాకా తీసుకొస్తున్నారు.

దిగేటప్పుడు ఎక్సలేటర్ మూసి ఉంటుంది కాబట్టి ఇంజన్ పెద్దగా పెట్రోలు అడగదు. కార్బొరేటర్ అడుగున గిన్నెలో ఉన్న కాస్తతో నెట్టుకొస్తుంది. మైదానంలో రేజ్ ఇవ్వగానే ఆ కాస్తా అయిపోతుంది. పది నిమిషాలు ఆగితే సందులోంచి గాలి చేరి మళ్లీ నడుస్తుంది. మీరు రాసిన ప్రతి లక్షణం ఇందులో సరిపోతోంది. బోరు అరిగిన ఇంజన్ ఇలా ప్రవర్తించదు. అది ఎక్కుడులో ఏడుస్తుంది, దిగుడులో కాదు. పిస్టన్ రింగులు పోతే పొగ కొడుతుంది, ఆయిల్ తాగుతుంది. రెండూ లేవని మీరే రాశారు.

మరి ముప్పూటలా బండ్లు విప్పే మావయ్యకి ఇది ఎందుకు పట్టుబడలేదు? ఇక్కడ ఆయన తరఫున నేను మాట్లాడాలి. షెడ్డుకి వచ్చిన బండికి ఏ మెకానిక్ అయినా మొదట చేసేది ట్యాంకు మూత తీసి పెట్రోలు చూడటం. ఆ క్షణంలో జబ్బు నయమైపోతుంది. ఆ తర్వాత ప్లగ్గు మార్చినా, కార్బొరేటర్ కడిగినా, బజారులో ఒక రౌండు తిప్పితే బండి బంగారంలా నడుస్తుంది. పైగా ఆ రౌండు చదును నేల మీద, నాలుగు వీధుల్లో. ఈ బండి మావయ్య చేతిలో ఉన్నప్పుడు ఎన్నడూ పాడవలేదు. ఆయన నమ్మింది ఆయన కళ్లతో చూసినదాన్నే. అలాంటి మనిషికి కుర్రాళ్ల ముందు ‘మూత వల్లేమో’ అంటే ఆయన నవ్వడం నాకు పెద్ద వింతగా అనిపించలేదు. నవ్వే ముందు ఒకసారి మూత చేతిలోకి తీసుకుని చూసి ఉంటే బాగుండేది, అది వేరే సంగతి.

రంగు సంగతికి వస్తాను. ట్యాంకుకి స్ప్రే కొట్టేటప్పుడు మూత తీసి పక్కన పెట్టాలి, లేదా కాగితం చుట్టి టేపు వేయాలి. హడావిడిలో చాలామంది మూత చుట్టూ మాత్రం టేపు వేసి కానిచ్చేస్తారు. అంతకుముందు పాత రంగు గీకిన ఎమెరీ పొడి, లప్పం, ఆ తర్వాత రంగు తుంపర, వార్నిష్. ఇవన్నీ మూత అంచునున్న సందుల్లోకి దిగి గట్టిపడతాయి. మీ మూత దసరా దాకా పనిచేసి కార్తీకంలో మొరాయించిందంటే నాకు మొదటి అనుమానం దీని మీదే. రెండో అనుమానం రబ్బరు మీద. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పదిహేనేళ్లనాటి బండి రబ్బర్లు దీన్ని ఉద్దేశించి చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని మెత్తబడి అతుక్కుంటాయి.

అయినా నా అనుమానం మీద ఆధారపడి మూత మార్చేయమని చెప్పను. కళ్ల ముందు తేల్చే పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. అది మావయ్య చేతే చేయించండి.

ట్యాంకు దాదాపు నిండుగా ఉన్న రోజు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, గాలి ఆడేచోట చేయాలి. బీడీ, పొయ్యి, వెల్డింగు దరిదాపుల్లో ఉండకూడదు. కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి ఒక ఖాళీ డబ్బాలో పెట్టండి. ముందు మూత తీసి ఉంచి కాక్ (ట్యాంకు కింద ఉండే పెట్రోలు కుళాయి) తిప్పి, ధార ఎలా పడుతోందో చూడండి. కాక్ కట్టేసి, ఈసారి మూత వేసి తాళం తిప్పి, మళ్లీ కాక్ తెరవండి. మూత దారి బాగుంటే ధారలో తేడా రాదు. పూడుకుని ఉంటే మొదట బాగానే వచ్చి, సన్నబడి, చుక్కలు చుక్కలవుతుంది. అప్పుడు తాళం తిప్పి మూత ఎత్తితే ‘ఉస్’మని చప్పుడు, వెంటనే ధార. ట్యాంకు నిండుగా ఉండాలని ఎందుకన్నానంటే, లోపల గాలికి చోటు తక్కువగా ఉన్నప్పుడు కొంచెం పెట్రోలు దిగినా పీడనం చప్పున పడిపోతుంది, ఫలితం త్వరగా కనిపిస్తుంది. సగం ట్యాంకుతో చేస్తే ఎక్కువసేపు చూడాలి, ఈలోగా ఎవరో ఒకరు ‘చూశావా, బాగానే వస్తోంది’ అనేస్తారు.

దీన్ని మావయ్య ముందుకు ఎలా తీసుకెళ్లాలన్నదే మీకు అసలు చిక్కు. నాకు తోచిన దారులు రెండు. ఒకటి, ఆదివారం పొద్దున్నే కుర్రాళ్లు రాకముందు వెళ్లి, ‘మావయ్యా, బోరు విప్పేముందు ఒక్కటి అడుగుతా. ఎక్కేటప్పుడు ఏమీ కాని బండి దిగాకే ఎందుకు ఆగుతోంది?’ అని అడగండి. జవాబు మీరు చెప్పకండి. ఆ ప్రశ్న ఆయన్ని కదిలించకపోతే నాకు ఆశ్చర్యమే. ఏళ్ల తరబడి ఇంజన్ల చప్పుడు విన్న మనిషి, దిగుడులో ఇంజన్ మీద బరువుండదని ఆయనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి డబ్బా పరీక్షకి రావడం ఎంతోసేపు పట్టదు.

రెండోది, ఆయన్నే ఘాటుకి తీసుకెళ్లడం. పైన టీ తాగి, ఒక గంట కూర్చుని, దిగేటప్పుడు ఆయన్ని నడపమనండి. పట్టపగలే దిగండి. మూత ఎక్కడా తీయొద్దని ముందే మాట తీసుకోండి. మీరు వెనక వేరే బండి మీద రండి. ఆగినచోట మూత ఆయనే తీస్తారు. షెడ్డులో నలుగురి మధ్య తేలడం కన్నా ఇది ఆయనకి గౌరవంగా ఉంటుంది. దీంట్లో చిక్కేమిటంటే, బాగా ఎండ కాసిన రోజు ట్యాంకు వేడెక్కి పెట్రోలు ఆవిరి లోపలి పీడనాన్ని భర్తీ చేసేస్తుంది, బండి ఆగకపోవచ్చు. అలా జరిగితే మీ మాట ఇంకా తేలికైపోతుంది. అందుకని నా ఓటు డబ్బా పరీక్షకే.

అమ్మగారిని మధ్యవర్తిగా పంపకండి. అక్కతో చెప్పించుకుంటే తమ్ముడికి బండి సంగతి వెనక్కి పోయి, మాట పట్టింపు ముందుకొస్తుంది. సామాన్లకి పెట్టిన నాలుగు వేల ఊసు కూడా ఎత్తకండి. కొత్త కార్బొరేటర్, కాయిల్ బండికే ఉన్నాయి, పదిహేనేళ్ల బండికి ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడేవే.

మావయ్యకి తెలియకుండా వేరే షెడ్డుకి వెళ్లడం గురించి అడిగారు. మీ ఊరంత ఊళ్లో స్పేర్ పార్టుల షాపులు నాలుగైదు, మెకానిక్‌లందరూ సామాను కోసం అక్కడే చేరతారు. మీ నాన్నగారి బండి అందరికీ తెలిసిందే అయి ఉంటుంది. సాయంత్రానికల్లా ఆయన చెవిన పడుతుంది. దాచిపెట్టి వెళ్లారన్నది, వెళ్లారన్నదాని కంటే ఎక్కువ బాధపెడుతుంది. అలాగని ఆయన కాదంటే మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలనీ నేను అనను. పరీక్ష కూడా చేయనని, బోరే చేయిస్తానని పట్టుబడితే, ‘మావయ్యా, రోజూ ఘాటు దిగేవాణ్ణి, ఒకసారి ఇంకొకరికి చూపిస్తాను’ అని మొహం మీదే చెప్పి తీసుకెళ్లండి. నాలుగు రోజులు ముభావంగా ఉంటారు. మీ పెళ్లి చేసిన మనిషి ఒక ట్యాంకు మూత దగ్గర తెంచుకుంటారని నేననుకోను.

ఇక పరీక్షలో మూతే అని తేలితే ఏం చేయాలో చూద్దాం.

బాగుచేయడం మొదటి దారి. మూత ఊడదీశాక ట్యాంకు నోటికి శుభ్రమైన గుడ్డ కప్పండి, స్క్రూలూ చెత్తా లోపల పడకుండా. అడుగున స్క్రూలుంటే విప్పితే పొరలు పొరలుగా వస్తుంది. లోపల స్ప్రింగుంటుంది, ఎగిరిపోతుంది, వంచిన అరచేతిలో పట్టుకుని విప్పాలి. ఏది ఏ వరసలో ఉందో ఫోనులో ఫోటోలు తీసుకుంటూ పోతే మంచిది. ఇనుప భాగాలు పెట్రోల్లో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్దవచ్చు. గట్టిపడిన రంగు పెట్రోలుకి లొంగదు, థిన్నర్ కావాలి. కానీ థిన్నర్ తగిలితే రబ్బరు పాడవుతుంది, కనుక రబ్బర్లు ముందే తీసి పక్కన పెట్టాలి. కంప్రెసర్ గాలి దూరం నుంచి, తక్కువగా కొట్టించండి. పంక్చర్ షాపులో టైరుకి కొట్టినట్టు కొడితే లోపలి సన్నటి వాల్వు చినుగుతుంది. నోటితో ఊదే అలవాటు చాలామందికి ఉంది. పెట్రోలు మూతకి నోరు పెట్టకండి, సన్నటి గొట్టంతో సైకిల్ పంపు వాడితే సరిపోతుంది. అదే పనిలో మూత కూర్చునే గుంట అడుగున వాన నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రం ఉంటే, అది కూడా రంగుతో పూడిందేమో చూడండి. అది పూడితే మూత చుట్టూ నీళ్లు నిలుస్తాయి. ట్యాంకులో పీడనం తక్కువగా ఉంటే ఆ నీళ్లని మూతే లోపలికి పీల్చుకుంటుంది.

ఈ దారిలో లాభం, నాన్నగారి తాళంచెవి అలాగే ఉంటుంది. నష్టం, అన్ని మూతలూ విప్పడానికి వీలుగా ఉండవు. కొన్నిటికి స్క్రూల బదులు రివిట్లుంటాయి, విప్పితే మళ్లీ కూర్చోవు.

కొత్త మూత కొనడం రెండోది. విడిగా కొంటే దాని తాళం దానికే, జేబులో రెండు చెవులు. ఒకే చెవి కావాలంటే ఇగ్నిషన్, హ్యాండిల్ లాకుతో కలిపి సెట్టుగా తీసుకోవాలి, ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది. కొనేటప్పుడు అడుగున గాలి దారి ఉందో లేదో చూసి, గొట్టంతో గాలి కొట్టి చూసి తీసుకోండి. ఒక జాగ్రత్త ఉంది, ఇది చాలా షాపుల్లో చెప్పరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా బొగ్గు నింపిన క్యానిస్టర్ పెట్టారు. ట్యాంకు గాలి వేరే పైపులోంచి ఆ క్యానిస్టర్‌కి పోతుంది. అలాంటి కొన్ని బండ్లకి మూతలో గాలి దారే ఉండదు. ఆ మూత చూడటానికి మీ పాత మూతలాగే ఉండి, మీ ట్యాంకుకి సరిగ్గా కూర్చోనూ వచ్చు. అది వేశారా, కొత్త మూతతో పాత జబ్బు ముదురుతుంది. మీ బండి మోడలు, సంవత్సరం చెప్పి అడగండి.

మేకుతో బొక్క కొట్టే సలహా గురించి. పని చేస్తుందా అంటే చేస్తుంది, బండి ఆగదు. అందుకే ఈ సలహా ఊరూరా బతికుంది. కానీ మీరు నడిపేది ఘాటు రోడ్డు. ట్యాంకు నిండా ఉన్నప్పుడు మలుపులో బ్రేకు వేస్తే ఆ బొక్కలోంచి పెట్రోలు చిమ్మి ట్యాంకు మీదా, మీ ఒళ్లోనూ పడుతుంది, కింద కాలుతున్న ఇంజన్ ఉంది. బండి పక్కకి పడితే మూతలోని వాల్వు ఆపాల్సిన పెట్రోలు ధారగా కారుతుంది. లంబసింగి మంచు, వాన సరేసరి. ఇథనాల్ కలిసిన పెట్రోల్లో నీళ్లు కొంత మేరకు కలిసిపోతాయి, అది దాటితే ఇథనాల్‌నీ వెంటేసుకుని ట్యాంకు అడుగుకి చేరతాయి. రిజర్వులో పెడితే కాక్ తీసుకునేదీ అడుగునుంచే. అప్పుడు బండి పొద్దున స్టార్టే కాకపోవచ్చు. మూత రబ్బరు వాషరుకి చిన్న గాటు పెట్టే చిట్కా కూడా మీకెవరో చెబుతారు. బొక్క కంటే కాస్త నయం, చిక్కులు మాత్రం అవే.

మూత బాగుపడేదాకా ఎలాగంటే, బడి నుంచి బయల్దేరేముందు ఒకసారి, ఘాటు సగంలో చదునుగా వెడల్పున్నచోట ఒకసారి, కిందికి దిగాక ఒకసారి ఇంజన్ ఆపి మూత తెరిచి మూయండి. బండి ఆగేదాకా చూడకుండా మీరే ముందు ఆపండి. చీకటి పడ్డాక మాత్రం ఈ బండి మీద ఘాటు దిగవద్దు. బస్సు ఎక్కండి, లేదా తోటి మాస్టారి వెనక కూర్చోండి.

ఎందుకంటే మీ ఇంటావిడ భయం పూర్తిగా సబబైనది. ఆ కాలపు 100 సీసీ బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద నడవదు, తిరిగే ఇంజన్ ఇచ్చే కరెంటు మీద నడుస్తుంది. ఇంజన్ ఆగిందంటే లైటూ ఆరిపోతుంది. మలుపులో, చీకట్లో, వెనక లారీ వస్తుంటే అది ఎంత ప్రమాదమో ఆమెకి ఆ రాత్రే తెలిసింది. ఇండికేటర్లు బ్యాటరీ మీదే ఉంటాయి. ఎప్పుడైనా అలా ఆగితే ముందు ఇండికేటర్ వేసి బండిని అంచుకి తోయండి. అసలు కారణం ఇదీ అని ఆమెకి కూర్చోబెట్టి చెప్పండి, డబ్బా పరీక్షకి ఆమెనీ పిలవండి. బాగయ్యాక మీరొక్కరే వారం పది రోజులు నడిపి చూపించి, ఆ తర్వాత ఆమెని ఎక్కమనండి.

కొత్త బండి కొనడం తప్పు కాదు. రోజూ ఘాటు ఎక్కే మనిషికి మంచి బ్రేకులు, బ్యాటరీ మీద నడిచే లైటు ఉన్న బండి అవసరమే, చేతిలో వీలుంటే ఆలోచించండి. ఆ నిర్ణయాన్ని ఈ మూత మీద వేయకండి, అంతే. ఈ స్థితిలో అమ్మితే ‘ఇంజన్ పోయిన బండి’ ధరే పలుకుతుంది. జబ్బు చెప్పకుండా అమ్మితే కొన్నవాడు ఎవరో అదే ఘాటులో, అదే చీకట్లో ఆగిపోతాడు. బాగుచేయించి, ఆ తర్వాత ఉంచుకోవాలో అమ్మాలో చూసుకోండి.

ఒకవేళ మూత వేసినా తీసినా ధార ఒకేలా పడితే, మూతని వదిలేయండి. రెండు విధాలా సన్నగానే పడుతుంటే కాక్ విప్పి లోపలి జాలీ చూడాలి, పాత ట్యాంకుల్లో తుప్పు అక్కడే చేరుతుంది. పెట్రోలు పైపు ఎక్కడైనా మడత పడిందేమో చూడాలి. రెండు విధాలా బాగా పడుతుంటే, బండి ఆగిన క్షణంలో ప్లగ్గులో స్పార్క్ వస్తోందో లేదో మావయ్యని చూడమనండి. పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సంకేతమిచ్చే భాగం) లాంటివి వేడెక్కితే మొరాయించి, చల్లారితే పనిచేస్తాయి. ఇవన్నీ అయ్యాక కూడా ఏదీ దొరకకపోతే అప్పుడు ఇంజన్ మాట. అప్పుడైనా బోరు విప్పేముందు ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి రీడింగు చూడమని అడగండి. మావయ్య దగ్గర గేజి లేకపోతే పెద్ద షెడ్డులో ఎవరి దగ్గరైనా అరువు దొరుకుతుంది.